జైలుకు బదులా? బెయిలుకు బదులా?

"ఫలానా నాయకుడి హౌస్ అరెస్ట్" అని టీవీలో స్క్రోలింగ్ వస్తే మనలో ఎవరం తల తిప్పి చూడం. అంతగా అలవాటైపోయింది. ఎవరో 'చలో అసెంబ్లీ' అనో 'చలో విజయవాడ' అనో పిలుపిస్తారు. తెల్లారకముందే ఆ పార్టీ వాళ్ల ఇళ్ల ముందు, ఆ సంఘం వాళ్ల ఇళ్ల ముందు పోలీసు జీపులు ఆగుతాయి. 2019 సెప్టెంబర్ 11న 'చలో ఆత్మకూరు' రోజున ఉండవల్లిలో చంద్రబాబు ఇంటి గేటుకు తాళ్లు కట్టిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022 ఫిబ్రవరిలో పీఆర్సీ మీద ఉద్యోగులు చలో విజయవాడ అన్నప్పుడు ఉపాధ్యాయ సంఘాల వాళ్ల ఇళ్ల దగ్గరా ఇదే తంతు. ఈ పార్టీ, ఆ పార్టీ అని లేదు. రెండు రాష్ట్రాల్లోనూ, ఎవరి ప్రభుత్వమున్నా ఇదే పద్ధతి. నిన్న గేటు లోపల నిలబడి అరిచినవాళ్లే అధికారంలోకి వచ్చాక గేటు బయటికి పోలీసుల్ని పంపిస్తారు.

నేను సర్కారు బడిలో టీచర్ని. ఆంధ్రాలో ఉన్న మా మిత్రుడు ఒకాయన, యూనియన్ మనిషి, ఆ 2022 రోజు సంగతి ఫోన్లో చెప్పాడు. పొద్దున్నే పాలకోసం తలుపు తీస్తే అరుగు మీద ఇద్దరు కానిస్టేబుళ్లు కూర్చుని ఉన్నారట. "నమస్తే మాస్టారూ, ఇవాళ మీరు బయటికి రాకూడదు" అన్నారట. ఆర్డర్ కాపీ చూపించమని ఈయన అడిగాడు. "ఆర్డరేంటి మాస్టారూ, పైనుంచి చెప్పారు" అన్నాడట వాళ్లలో పెద్దాయన. ఆ ఇద్దరికీ మా మిత్రుడి భార్యే రెండుసార్లు టీ, మధ్యాహ్నం పులిహోర పెట్టింది. వాళ్లలో ఒకాయన కొడుకు తొమ్మిదో తరగతిలో లెక్కల్లో వెనకబడ్డాడని తెలిసి, మా వాడు సాయంత్రం దాకా అరుగు మీదే ఆ పిల్లవాడి సంగతులు మాట్లాడుతూ కూర్చున్నాడు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ రోజు ఆయన అరెస్టయినట్టు ఎక్కడా రాసి లేదు. రాసి లేదు కాబట్టి ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లే పనీ లేదు. నేరం జరగకుండా ముందస్తుగా అరెస్టు చేసే అధికారం పోలీసులకు ఉంది. పాత చట్టంలో అది 151వ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 170. అయితే అరెస్టు చేస్తే రాయాలి, లెక్క చెప్పాలి. అరుగు మీద కూర్చుంటే ఏ లెక్కా లేదు.

ఇదంతా ముందు ఎందుకు చెబుతున్నానంటే, జైలుకు బదులుగా ఇంట్లోనే శిక్ష అనుభవించే పద్ధతి మన దగ్గర కూడా రావాలన్నది నా వాదన. ఆ మాట ఎత్తగానే మనవాళ్లకు గుర్తొచ్చేది మాత్రం గేటు దగ్గర జీపు. ఆ రెంటికీ పేరొక్కటే, ఇంకేమీ పోలిక లేదు. ఒకటి పోలీసులు కాగితం లేకుండా చేసే పని. ఇంకోటి కోర్టు విధించాల్సిన శిక్ష. మొదటిది పూర్తిగా పోవాలి, రెండోది చట్టంలోకి రావాలి. ఈ రెండూ కాని మూడోది ఒకటి ఈ మధ్య తయారైంది: శిక్ష పడకముందే, కేసు నడుస్తుండగానే కోర్టు మనిషిని ఇంట్లో నిర్బంధించడం. నిజానికి నా భయమంతా దాని గురించే.

ఆ మూడోది మన హైదరాబాద్ దాకా వచ్చింది 2018లో. ఆ ఏడాది ఆగస్టు 28న మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న ఆరోపణ మీద భీమా కోరేగావ్ కేసులో పుణే పోలీసులు అయిదుగురిని అరెస్టు చేశారు. వాళ్లలో విప్లవ కవి వరవరరావు గారు హైదరాబాద్ వాసి. మర్నాడే సుప్రీంకోర్టు, అయిదుగురినీ జైలుకు పంపకుండా ఎవరి ఇంట్లో వాళ్లను ఉంచమంది. కొన్ని వారాలు అలాగే నడిచింది. నవంబర్‌లో ఆయన్ని మళ్లీ తీసుకెళ్లారు. ఆ తర్వాత జైలు, అనారోగ్యం, కరోనా. 2021 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు ఆరోగ్య కారణాల మీద తాత్కాలిక బెయిల్ ఇచ్చింది. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని పర్మనెంట్ చేసింది. ముంబై వదిలి వెళ్లకూడదన్నది షరతు. ఎనభై దాటిన మనిషికి బెయిల్ వచ్చింది గానీ ఇల్లు రాలేదు. ఆయన రాజకీయాలు మీకు నచ్చుతాయా నచ్చవా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. అదే కోర్టుల చేతిలో అదే మనిషికి ఒకసారి సొంతిల్లే జైలయింది, ఇంకోసారి స్వేచ్ఛ ఇస్తూనే సొంతిల్లు దూరం చేశారు. మన దగ్గర దీనికి ఒక పద్ధతీ పాడూ లేవని చెప్పడానికి ఇది చాలు.

అదే కేసులోని పౌర హక్కుల కార్యకర్త గౌతమ్ నవ్‌లఖా విషయంలో ఇంకా వింత జరిగింది. 2018లో ఆయన ఢిల్లీలో 34 రోజులు ఇంట్లోనే నిర్బంధంలో ఉన్నారు. గడువులోగా ఛార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిల్ హక్కు వస్తుంది కదా, ఆ గడువులో ఈ 34 రోజులు కూడా లెక్కవేయమని అడిగారు. 2021 మే 12న సుప్రీంకోర్టు కుదరదంది. ఆ రోజులు రిమాండ్ కింద రావన్నది. పోనీ స్వేచ్ఛగా ఉన్నాడా అంటే అదీ లేదు. నెల పైన రోజులు ఏ ఖాతాలోనూ పడకుండా పోయాయి. కానీ అదే తీర్పులో జస్టిస్ యు.యు. లలిత్, జస్టిస్ కె.ఎం. జోసెఫ్ ఒక తలుపు కూడా తెరిచారు. తగిన కేసుల్లో కోర్టులు రిమాండ్ బదులు గృహ నిర్బంధం విధించవచ్చన్నారు. వయసు, ఆరోగ్యం, గత చరిత్ర, నేరం ఎలాంటిది, షరతులు అమలు చేయడం సాధ్యమా లేదా అన్నవి చూడమన్నారు. శిక్ష పడిన ఖైదీలకు కూడా ఇది పనికొస్తుందేమో చట్టసభలు ఆలోచించాలన్నారు, జైళ్లు ఎలా కిక్కిరిసి ఉన్నాయో గుర్తు చేస్తూ. నా దృష్టిలో ఆ తీర్పులో అసలు విలువైన మాట ఈ చివరిదే. దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు.

ఏడాదిన్నర తర్వాత, 2022 నవంబర్ 10న, డెబ్బైకి దగ్గర పడ్డ నవ్‌లఖాకు ఆరోగ్యం బాగోలేదని సుప్రీంకోర్టు నవీ ముంబైలో గృహ నిర్బంధానికి ఒప్పుకుంది. ఇప్పుడు షరతులు వినండి. గుమ్మం దగ్గరా గదుల బయటా సీసీ కెమెరాలు. ఇంటర్నెట్ లేదు. పోలీసులిచ్చే ఫోనులో, వాళ్ల ఎదుటే, రోజుకు పది నిమిషాలు. వారానికోసారి కుటుంబసభ్యులు ఇద్దరు, మూడు గంటలు. కాపలా ఖర్చు కింద ముందుగా 2.4 లక్షల రూపాయలు కట్టాలి. నెల రోజులకని ఇచ్చింది ఏడాదిన్నర సాగింది. చివరికి జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ వేసిన కాపలా బిల్లు 1.64 కోట్లు! ఆయన లాయర్లు ఆ లెక్క ఒప్పుకోలేదు. "మీరే కోరుకున్నారు కాబట్టి మీరే కట్టాలి" అన్న ధోరణిలో మాట్లాడింది కోర్టు. 2024 మే 14న, బొంబాయి హైకోర్టు ఆయనకిచ్చిన బెయిల్ మీద స్టే ఎత్తేస్తూ ముందు 20 లక్షలు కట్టమంది.

నేర నిరూపణ కాని మనిషి, తన కాపలాకు తానే జీతం కట్టాలి. ఏ జైలు సూపరింటెండెంటూ ఖైదీకి బ్యారక్ అద్దె, వార్డర్ జీతం కలిపి బిల్లు పంపడు కదా. ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది సౌకర్యమైపోయింది. కార్పొరేట్ ఆస్పత్రిలో స్పెషల్ రూమ్ తీసుకున్నట్టు, ఉన్నవాడు కట్టుకుంటాడు, లేనివాడు జనరల్ వార్డు.

ఆ స్పెషల్ రూమ్ ఎవరికి దొరకలేదో చూద్దాం. ఢిల్లీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన జి.ఎన్. సాయిబాబా గారిది అమలాపురం. చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమైన మనిషి. వైకల్యం తొంభై శాతం. మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో 2017లో గడ్చిరోలి కోర్టు జీవిత ఖైదు వేసింది. నాగపూర్ సెంట్రల్ జైల్లో అండా సెల్, అంటే గట్టి కాపలా ఉండే ఒంటరి గది. 2020లో హైదరాబాద్‌లో తల్లి చనిపోతే చివరి చూపుకు కూడా పెరోల్ దొరకలేదు. 2022 అక్టోబర్ 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆయన్ని నిర్దోషి అంది. మర్నాడు శనివారం. సెలవు రోజే అయినా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును ఆపేసింది. విడుదల ఎలాగూ ఆపుతున్నారు, కనీసం ఇంట్లో ఉంచండి, ఆయన తనంతట తాను మరుగుదొడ్డికి కూడా వెళ్లలేరు అన్నది ఆయన తరఫు లాయర్ విన్నపం. అర్బన్ నక్సల్స్ ఈ మధ్య హౌస్ అరెస్ట్ అడగడం ఎక్కువైందని సొలిసిటర్ జనరల్ అభ్యంతరం చెప్పారు. కోర్టు కాదంది. ఇంకో నెల తిరక్కుండానే అదే సుప్రీంకోర్టులో వేరే బెంచి నవ్‌లఖాకు ఇచ్చింది.

సాయిబాబాను 2024 మార్చి 5న హైకోర్టు రెండోసారి నిర్దోషిగా తేల్చింది. అదే ఏడాది అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో పోయారు. ఇంట్లో ఉంచితే పారిపోయేవాడా? ఎక్కడికి, ఎవరి చేతుల మీద? ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా నాకెవరూ జవాబు చెప్పలేదు. గృహ నిర్బంధం అనేది ఒక్కరి కోసమే కనిపెట్టి ఉంటే, అది ఆయన లాంటివాళ్ల కోసమే కనిపెట్టి ఉండాలి.

2023 సెప్టెంబర్‌లో చంద్రబాబు అరెస్టయినప్పుడు మళ్లీ ఇదే చర్చ విజయవాడ ఏసీబీ కోర్టులో నడిచింది. భద్రత దృష్ట్యా జైలు బదులు ఇంట్లో ఉంచమని ఆయన లాయర్లు పిటిషన్ వేశారు, నవ్‌లఖా తీర్పునే చూపించారు. సెప్టెంబర్ 12న కోర్టు కొట్టేసింది, రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నారు, అక్టోబర్ 31న మధ్యంతర బెయిల్ మీద వచ్చారు. ఆ కేసు తప్పొప్పుల జోలికి నేను పోను. ఆ వారం మా స్టాఫ్ రూమ్‌లో జరిగిన గొడవ మాత్రం గుర్తుంది. ఆయన అభిమానులంతా గృహ నిర్బంధం మానవత్వం అన్నారు, కానివాళ్లంతా పెద్దవాళ్లకో న్యాయమా అన్నారు. రెండో ప్రశ్న సరైనదే. జవాబు మాత్రం పెద్దాయన్ని కూడా జైల్లోనే పెట్టడం కాకూడదు.

ఆ తర్వాత కొత్త చట్టం వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలో రిమాండ్ గురించి చెప్పేది 187వ సెక్షన్. అందులో కొత్తగా ఒక మాట చేర్చారు. పోలీసు కస్టడీ అయితే స్టేషన్లో, జ్యుడీషియల్ కస్టడీ అయితే జైల్లో, లేదంటే ప్రభుత్వం జైలుగా ప్రకటించిన చోట, వీటిల్లో తప్ప మరెక్కడా మనిషిని నిర్బంధించకూడదు. 2021 తీర్పు తెరిచిన తలుపు ఇంచుమించు మూసుకున్నట్టే. తాళం మాత్రం ప్రభుత్వం చేతిలో ఉంది. తనకు కావాలంటే ఏ ఇంటినైనా జైలుగా ప్రకటించుకోవచ్చు. 2019 సెప్టెంబర్‌లో శ్రీనగర్‌లో ఫరూఖ్ అబ్దుల్లా ఇంటిని అలాగే సబ్‌జైలు చేశారు. అంటే ప్రభుత్వానికి అవసరమైతే ఇల్లు జైలవుతుంది, ఖైదీకి అవసరమైతే కాదు.

కోర్టుల ద్వారా ఆ తలుపు మూసుకుందని నాకు పెద్ద బాధ లేదు. ఎందుకో చెప్పాలంటే మా వాచ్‌మన్ సంగతి చెప్పాలి.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకును ఒక బైకు దొంగతనం కేసులో పట్టుకుపోయారు. దొంగిలించాడో, దొంగిలించినవాడి వెనక కూర్చున్నాడో నాకు తెలియదు. కొన్ని వారాలకు బెయిల్ వచ్చింది. ఇద్దరు షూరిటీలు, ఒక్కొక్కరూ పదివేలకు. ఇక్కడే బండి ఆగింది. వాళ్లది పాలమూరు పక్క పల్లె. భూమి కాగితాలు అన్నదమ్ముల దగ్గర చిక్కుకున్నాయి. తెలిసినవాళ్లంతా కూలీలే, జీతం సర్టిఫికెట్ ఎవరికుంటుంది? ఒక సాయంత్రం వాచ్‌మన్ భార్య మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. "సారూ, మీది సర్కారు నౌకరి. మీరొక్క సంతకం పెడితే పోరడు ఇంటికొస్తడు" అంది.

సంతకం పెట్టేముందు వాణ్ణి ఒకసారి చూద్దామని ములాఖత్‌కు ఆమెతో వెళ్లాను. ఆధార్ జిరాక్సు, పేరు రాయించడం, ఫోన్లు బయట పెట్టడం, చెట్టు కింద గంటలు గంటలు కూర్చోవడం. లోపల అద్దానికి ఇవతల మేము, అవతల వాడు. మధ్యలో ఇంటర్‌కం రిసీవర్. ఆమె మొదట అడిగింది "తిన్నవా" అని. వాడు అడిగింది కాలేజీలో పేరు కొట్టేశారా అని. మిగతా సమయమంతా ఇద్దరూ రిసీవర్ సరిగ్గా వినపడటం లేదనే మాట్లాడుకున్నారు. పక్క అద్దం దగ్గర ఎవరో ముసలాయన, కొడుకు అనుకుంటా, కోడలు పుట్టింటికి పోయిన సంగతి ఎలా చెప్పాలో తెలియక ఊళ్లో వానల గురించి చెబుతున్నాడు.

కోర్టులో షూరిటీగా నిలబడితే మేజిస్ట్రేట్ అడిగిన మొదటి ప్రశ్న, "ఇతను నీకేమవుతాడు?" ఏమీ కాడు. "తెలిసినవాళ్ల అబ్బాయండీ" అన్నాను. వాయిదాలకు రాకపోతే డబ్బు నా జీతంలోంచి కడతానని ఒప్పుకున్నాను. సాయంత్రానికి కాగితం జైలుకు చేరి, మర్నాడు వాడు ఇంటికొచ్చాడు. సెల్లార్లో పది అడుగుల గది. అందులో వాళ్లు నలుగురు. బాత్రూమ్ పార్కింగ్ అవతల.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పిల్లవాడికి బెయిల్ బదులు గృహ నిర్బంధం ఇచ్చి ఉంటే? ఆ గదిలోంచి బాత్రూమ్‌కు వెళ్లినా షరతు ఉల్లంఘనే. కాలేజీ పోయినట్టే. కాలికి జాడ చెప్పే యంత్రం ఒకటి కట్టి ఉంటే ఓనర్ల అసోసియేషన్ మర్నాడే మీటింగు పెట్టి కుటుంబాన్నే ఖాళీ చేయించేది. అలాంటి విషయాల్లో మా అసోసియేషన్‌కు కోరం ఎప్పుడూ తక్కువ కాదు. వాడికి కావాల్సింది నిర్బంధంలో ఇంకో రకం కాదు, బెయిల్. అదీ వాడి దరిద్రానికి సరిపోయే షరతులతో.

లెక్కలు కూడా అదే చెబుతాయి. 2022 చివరికి దేశంలోని జైళ్ల సామర్థ్యం 4.36 లక్షలు. లోపల ఉన్నది 5.73 లక్షల మంది. అందులో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే, అంటే నూటికి 75 మందికి పైనే. వీళ్లలో ఏ ఒక్కరి మీదా ఆ కేసులో నేరం రుజువు కాలేదు. జైళ్లు నిండిపోయాయి కాబట్టి కొందర్ని ఇంట్లో పెడదాం అనగానే మన వ్యవస్థ కన్ను ముందు పడేది వీళ్ల మీదే. నిజానికి రేపొద్దున బయటికి పంపాల్సినవాళ్లు వీళ్లే. బెయిల్ వచ్చీ షూరిటీలు లేక ఉండిపోయినవాళ్లకు డబ్బు సాయం చేసే కేంద్ర పథకం 2023 నుంచీ ఉంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే వదిలెయ్యమని కొత్త చట్టం 479వ సెక్షన్ చెబుతోంది, కొన్ని మినహాయింపులతో. ఉన్నవి అమలు చేస్తే రద్దీ చాలా తగ్గుతుంది. దానికి జీపీఎస్ అక్కర్లేదు.

బెయిలుకు బదులు కాలికి యంత్రం వస్తే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. వీసాల మోసం అన్నారు. అక్కడ పేరు రాయించుకున్నవాళ్లలో అత్యధికులు మన పిల్లలు, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. అమెరికా ఇమిగ్రేషన్ వాళ్లు అందులో కొందరి చీలమండలకు రేడియో ట్యాగులు బిగించారు. ప్యాంటు మడిచి నల్ల డబ్బా చూపిస్తున్న కాళ్ల ఫొటోలు మన పేపర్లలో మొదటి పేజీలో వచ్చాయి. పశువుల మెడకు కట్టినట్టు కట్టారని ఇక్కడ ఒకటే గోల. విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ అభ్యంతరం చెప్పారు. హైదరాబాద్ అమెరికన్ కాన్సులేట్ అధికారి ఒకరు, అదేదో ఫ్యాషన్ అన్నట్టు మాట్లాడి మంట ఇంకాస్త ఎగదోశారు. ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో వాళ్ల ప్రభుత్వమే నకిలీ కాలేజీ పెట్టి పన్నిన వల 2019లో బయటపడ్డప్పుడు మళ్లీ కొందరు తెలుగు పిల్లల కాళ్లకు అవే ట్యాగులు. యంత్రం అంటూ ఒకటి చేతిలో ఉంటే, లేకపోతే ఊరికే ఇంటికి పంపేవాళ్లకు కూడా తగిలిస్తారు. జైల్లో ఉన్నవాడు ఇంటికి రాడు, ఇంట్లో ఉన్నవాడికి బేడీ పడుతుంది.

ఆ యంత్రం పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. న్యూమెక్సికోలో జాక్ లవ్ అనే జడ్జి స్పైడర్‌మ్యాన్ బొమ్మల కథలో విలన్ హీరో చేతికి జాడ తెలిపే కడియం తొడగడం చూశాడట. ఇదేదో బాగుందే అనుకుని 1983లో ఆల్బకర్కీలో నిజం మనుషుల మీద పెట్టాడు. విలన్ ఐడియా అని ఎవరికీ గుర్తు రాలేదు కాబోలు.

అయినా నేను ఇంటి శిక్ష కావాలంటున్నాను. కారణం కూడా అమెరికాలోనే ఉంది. కరోనా వచ్చినప్పుడు 2020లో కేర్స్ చట్టం కింద అక్కడి ఫెడరల్ జైళ్ల నుంచి, శిక్ష పడి అనుభవిస్తున్నవాళ్లనే ఇళ్లకు పంపారు, ముఖ్యంగా ముసలివాళ్లను, జబ్బు మనుషుల్ని. మూడేళ్లలో 13 వేల మంది దాటారు. వాళ్లలో కొత్తగా నేరం చేసినవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. జైలు గోడలే వాళ్లను నేరం చేయకుండా ఆపుతున్నాయన్న నమ్మకం అంతటితో పోవాలి. గమనించండి, వీళ్లు నిందితులు కారు. శిక్ష పడ్డవాళ్లు. ఇక్కడ ఇల్లు వచ్చింది జైలుకు బదులు.

అందులోనూ ముళ్లున్నాయి. 2021 జూన్‌లో బాల్టిమోర్‌లో 76 ఏళ్ల ఒకావిడ కంప్యూటర్ క్లాసుకు వెళ్లి, అధికారుల ఫోను ఎత్తలేదని మళ్లీ లోపల వేశారు. బయట గోల అయ్యాక జడ్జి కల్పించుకుంటే మరుసటి నెల విడుదలైంది. బ్రిటన్‌లో ట్యాగుల కాంట్రాక్టు తీసుకున్న రెండు పెద్ద ప్రైవేటు కంపెనీలు, చచ్చిపోయినవాళ్లనూ దేశం వదిలిపోయినవాళ్లనూ కాపలా కాస్తున్నట్టు ప్రభుత్వానికి బిల్లులేసి 2013లో దొరికిపోయాయి. అందులో జీ4ఎస్ ఒక్కటే పది కోట్ల పౌండ్లకు పైగా తిరిగి కట్టింది. మన దగ్గర ఈ టెండర్లు పిలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఆ బ్రిటన్‌లోనే మనం తీసుకోదగ్గ సంగతి కూడా ఉంది. అక్కడ 1999 నుంచి శిక్ష చివరి భాగాన్ని ఇంట్లో గడపనిస్తారు. మామూలుగా రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా ఇంట్లో ఉండాలి, పగలు పనికి పోవచ్చు. ఇరవై నాలుగు గంటలూ నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం కంటే ఇది ఎంతో తెలివైన పని. మన దగ్గర కూలికి పోకపోతే రాత్రి పొయ్యి వెలగని ఇంట్లో మగవాణ్ణి పగలంతా కూర్చోబెడితే ఎవరు పోషించాలి? పెళ్లామే. వాడి షరతులు గుర్తు పెట్టుకోవాల్సింది ఆమె. పోలీసొస్తే తలుపు తీయాల్సింది ఆమె. వాడి చిరాకంతా పడేదీ ఆమె మీదే. ఇంటి శిక్షలో జీతం లేని వార్డర్ ఎప్పుడూ ఆ ఇంటి ఆడమనిషే. అందుకే ఆమెను విడిగా, అతను లేకుండా అడిగి, ఆమె ఇష్టపడితేనే ఇవ్వాలి. భార్యను కొట్టిన కేసులో, ఇంట్లో పిల్లల మీద అఘాయిత్యం చేసిన కేసులో ఆ ఊసే ఎత్తకూడదు. జనం సొమ్ము కోట్లు మింగినవాడికి మూడంతస్తుల సొంత మేడను శిక్ష అంటే నవ్వుతారు, అక్కడ జైలే సరి. పెద్దవాళ్లకో న్యాయమా అన్న మా స్టాఫ్ రూమ్ ప్రశ్నకు ఇదీ నా జవాబు. ఇల్లే లేనివాడికి హాస్టల్ లాంటి చోటు ప్రభుత్వం చూపించాలి.

మరి ఎవరికి? చిన్న శిక్షలు పడ్డవాళ్లకు, డెబ్బై దాటినవాళ్లకు, మంచం పట్టినవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు, పెద్ద శిక్షల చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు. కొత్త న్యాయసంహితలో సమాజసేవను శిక్షగా చేర్చారు. 2021లోనే సుప్రీంకోర్టు ఆలోచించమని చెప్పిన దీన్ని దాని పక్కన ఒక లైనులో చేర్చడానికి ఏమడ్డమొచ్చిందో తెలియదు. అది కేంద్రం పని. అప్పటిదాకా రాష్ట్రాలు చేతులు ముడుచుకోనక్కర్లేదు. జైళ్లు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోని అంశం. 2023లో కేంద్రం పంపిన నమూనా జైళ్ల చట్టంలో, ట్రాకింగ్ పరికరం పెట్టుకోవడానికి ఒప్పుకున్న ఖైదీకి సెలవు ఇవ్వవచ్చన్న మాట ఉంది. పరికరం అంటేనే నాకు భయం గనక, అది లేకుండా మొదలుపెట్టమంటాను. మనకు చర్లపల్లిలో, అనంతపురంలో ఓపెన్ జైళ్లు నడిపిన అనుభవం ఉంది. గోడలు లేని చోట పొలం పని చేసి సాయంత్రం లెక్కకు నిలబడ్డవాడు, ఇంట్లోనూ నిలబడతాడు. పెరోల్ మీద ఊరికి వెళ్లి పంచాయితీ లేకుండా తిరిగొచ్చినవాళ్ల జాబితా ప్రతి జైలు ఆఫీసులోనూ ఉంటుంది. ముందు ఆ జాబితా తీయాలి. అందులో డెబ్బై దాటినవాళ్లెవరో చూసి, వాళ్ల ఇళ్లకు ఒక ప్రొబేషన్ అధికారిని పంపి, తీసుకెళ్లడానికి ఇంట్లోవాళ్లు సిద్ధంగా ఉన్నారో లేదో అడగాలి. కొందరు వద్దంటారు. అదీ రాసుకోవాలి.